అరవై రెండు శాతం వెళ్ళిపోయిన కోచ్

మా రాష్ట్ర ఫుట్‌బాల్ మండలి అధ్యక్షులవారు పదకొండు రోజులు విదేశాలు తిరిగొచ్చి, మన ఫుట్‌బాల్ ఎందుకు వెనకబడిందో కనిపెట్టారు. మైదానాల్లో గడ్డి లేకపోవడం కాదు. పిల్లల కాళ్ళకు బూట్లు లేకపోవడం అంతకంటే కాదు. మన కోచ్‌లు తర్వాత ఏ ఊరికి పోతారన్నది మన దగ్గర ఎవరూ మాట్లాడుకోవడం లేదట. అక్కడ ఆట తొంభై నిమిషాలే గాని, ఏ పెద్ద మేనేజరు ఏ క్లబ్బుకు మారతాడన్న చర్చ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుందట. హోటల్లో అదే మాట, రైల్లో అదే మాట, మంగలి షాపులో గడ్డానికి సబ్బు రాస్తూ కూడా అదే మాట. ఆ పదకొండు రోజుల్లో తాను ఒక్క ఆట కూడా చూడలేదని, చర్చ వల్ల తీరిక చిక్కలేదని ఆయనే సభలో చెప్పుకున్నారు.

వారం తిరక్కుండా జిల్లాలన్నిటికీ సర్క్యులర్ వచ్చింది. ప్రతి జిల్లా మండలీ తన కోచ్ మీద నెలకు నాలుగుకు తగ్గకుండా ఊహాగానాలు నమోదు చేయాలి. అవి పుట్టిన తేదీ, పుట్టిన చోటు, బలం ఎంత శాతమో రిజిస్టరులో రాయాలి. లక్ష్యం చేరని జిల్లాలకు వచ్చే ఏడాది బంతులు పంపరు.

నేను రాళ్ళగుంట జంక్షన్‌లో జిల్లా మండలి గుమాస్తాను. పేరు చెన్నకేశవులు. ఆఫీసులో ఇంకో గుమాస్తా లేడు కాబట్టి హెడ్ గుమాస్తాను కూడా నేనే. మా కార్యదర్శి చక్రపాణి గారు నీటిపారుదల శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసి, నీళ్ళు పారకుండానే రిటైరైన మనిషి. ఆయన సర్క్యులర్‌ను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, సదరు ఆదేశాలను తు.చ. తప్పక అమలుపరచవలసిందిగా నన్ను ఆదేశించారు. ఆరోజే రిజిస్టరుకు గీతలు గీసి అట్ట వేశాను.

చిక్కంతా మా కోచ్‌తోనే వచ్చింది. పెన్నోబులేసు రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు చూసుకుంటూ ఎండలో పదిమైళ్ళు నడిచే ఉద్యోగం. తెల్లారి అయిదున్నరకల్లా లోకో షెడ్డు వెనక గ్రౌండులో ఈల పట్టుకుని ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. పదకొండేళ్ళుగా ఇదే పని. ఆయన పుట్టింది రాళ్ళగుంటలో, చదివింది రాళ్ళగుంటలో, పెళ్ళి చేసుకున్నది కూడా రాళ్ళగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లోనే. అలాంటి మనిషి ఎక్కడికి పోతాడని ఊహించేది? మొదటి నెల రిజిస్టరు ఖాళీగా పోయింది.

పై నుంచి తాఖీదు వచ్చింది. దాన్ని చక్రపాణి గారు కోచ్ మీదికి తోశారు. తనను ఇతర ఊళ్ళవారు ఎందుకు కోరుకోవడం లేదో మూడురోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. పెన్నోబులేసు ఆ కాగితాన్ని గ్రౌండులోనే చదివి, వెనకవైపు పెన్సిలుతో రెండు ముక్కలు రాసిచ్చాడు. తననెవరూ అడగలేదని, అడిగినా పోనని. చక్రపాణి గారు దానిమీద ‘నిర్లిప్త ధోరణి’ అని ఎర్ర సిరాతో రాశారు.

నిజం చెప్పాలంటే ఆ ఏడాది పెన్నోబులేసుకు వేరే ఊసు పట్టలేదు. మా జట్టు మొట్టమొదటిసారి రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చింది. కెప్టెన్ మారెక్కకు పదిహేడేళ్ళు, గూడ్స్ షెడ్డు హమాలీ కూతురు, ఏడేళ్ళప్పటి నుంచి ఆయన దగ్గరే ఆడుతోంది. మరుసటి ఏడాదికి జట్టులో సగంమంది వయసు దాటిపోతారు. ఫైనల్ రోజున ఈ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. పెన్నోబులేసు కోరిక అంతే. ఆ మాట ఎవరితోనూ అనలేదు గాని, ఊళ్ళో అందరికీ తెలుసు.

నాకూ తెలుసు. తెలిసీ చేశాను.

ఒక గురువారం బస్టాండులో ఆయన కనబడ్డాడు. అత్తగారిని పెద్దవంక బస్సెక్కిస్తున్నాడు. ముందు జొన్నల మూట లోపల పెట్టి దిగాడు, తర్వాత ఆమె మర్చిపోయిన చెప్పుల జత తీసుకుని మళ్ళీ ఎక్కి దిగాడు. నేను ఆఫీసుకు పోయి రిజిస్టరు తీశాను. నెలాఖరుకు ఇంకా రెండురోజులే ఉన్నాయి, బంతుల సంగతి నా మెడకు చుట్టుకుంటుంది. ‘సదరు కోచ్ మూటాముల్లెతో పెద్దవంక బస్సెక్కి, దిగి, పునరాలోచనతో మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగినట్లు విశ్వసనీయంగా తెలియవచ్చినది’ అని రాశాను. అందులో ఒక్కటీ అబద్ధం లేదు. అత్తగారిని మాత్రం వదిలేశాను.

పెద్దవంక మాకు యాభై మైళ్ళ దూరంలోని పొరుగు జిల్లా కేంద్రం. వాళ్ళ జట్టు కూడా సెమీస్‌లో ఉంది. చక్రపాణి గారు నా వాక్యం చదివి, నిప్పు లేనిదే పొగరాదన్నారు. శాతం ఎంత వేయాలో సర్క్యులర్ వెనక పట్టికలో ఉంది. పొరుగూరి వాహనం దగ్గర కనబడితే ఇరవై. కోచ్ ఖండిస్తే పది కలపాలి. ఖండించకుండా ఊరుకుంటే అయిదు కలపాలి. తగ్గించే వరస పట్టికలో ఎక్కడా లేదు. ఇదేమిటని అడిగితే, విదేశాల్లో ఇంతవరకు తగ్గిన దాఖలా లేదన్నారు.

మర్నాడు అదే వాక్యం పేపరు జిల్లా పేజీలో పడింది. పెన్నోబులేసు నేరుగా నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“నేను యాడికీ పోనప్పా కేశవులూ. ఆయమ్మ మా అత్త. ఈ మాట కూడా నీ బుక్కులో రాసుకో.”

రాసుకున్నాను. ముప్పై అయింది.

ఆయనకు కోపం రాలేదు, ఇలాంటివాటికి కోపం తెచ్చుకునే అలవాటు లేదు. ఇంటికి పోయి, పద్ధతిగా తెల్లకాగితం మీద అర్జీ రాసి తెచ్చాడు, తాను రాళ్ళగుంట వదిలేది లేదని. రాతపూర్వక ఖండన, నలభై. ఎవరో సలహా ఇస్తే వారం రోజులు నోరు కట్టేసుకున్నాడు. నలభై అయిదు. పేపరువాళ్ళు ఆయన గ్రౌండులో పడమటి దిక్కు చూస్తున్న ఫోటో వేశారు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కార్నర్ కొట్టే పిల్లను చూస్తున్నాడు. పెద్దవంక పడమటనే ఉంది గనక పై ఆఫీసువాళ్ళు ఏడు శాతం మంజూరు చేశారు. ఆఖరికి టీ అంగట్లో ఎవరో ఎప్పుడు ప్రయాణమని అడిగితే, గ్లాసు బల్లమీద గట్టిగా పెట్టి లేచిపోయాడు. దాన్ని ఖండనగా లెక్కించి పది వేశాం. అరవై రెండు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, పెద్దవంకలో అచ్చం అదే జరిగింది. ఆయనకు ఇల్లు చూశారు. బస్టాండులో స్వాగతం బ్యానరు కట్టారు, ఫోటో దొరక్క ఇంకెవరో మీసాలాయన ఫోటో వేశారు. మా రాళ్ళగుంటలో ఆయన భార్యను నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఎప్పుడు పోతున్నారని అడగడం మొదలుపెట్టారు. సామాను సర్దలేదా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. మా జిల్లాకు రాష్ట్రంలో ఊహాగానాల్లో రెండో ర్యాంకు వచ్చింది. చక్రపాణి గారికి శాలువా కప్పారు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, నేను దాన్ని ఇంట్లో గోడకు తగిలించుకున్నాను కూడా.

ఇంతవరకు జరిగిందాన్ని మామూలు పిచ్చి కింద సర్దుకోవచ్చు. తర్వాత ఆడిట్ వచ్చింది.

ఆడిటరుగారు రిజిస్టరు తిరగేసి, అరవై రెండు శాతం పెద్దవంక వెళ్ళిపోయిన వ్యక్తి రాళ్ళగుంటలో నూరు శాతం కోచింగు ఎట్లా ఇస్తున్నాడని అభ్యంతరం రాశారు. మనిషి ఇక్కడే ఉన్నాడు గదా అని నేను గొణిగాను. ఆయన ఉన్నాడో లేదో చెప్పేది రికార్డే గాని మనిషి కాదని చక్రపాణి గారు నన్ను కసిరారు. ఆ వారమే ఉత్తర్వులు వెలువడ్డాయి. ‘శ్రీ పెన్నోబులేసును తక్షణమే అమలులోకి వచ్చునట్లుగా అరవై రెండు శాతం మేరకు విధుల నుండి విడుదల చేయడమైనది. శేష భాగము యథాస్థానమున కొనసాగును.’ ముసాయిదా నాదే.

అప్పటి నుంచి వంద నిమిషాల ప్రాక్టీసులో ఆయన ముప్పై ఎనిమిది నిమిషాలే నోరు విప్పాలి. నేను గడియారం పట్టుకుని గట్టున కూర్చునేవాణ్ణి. టైము కాగానే ఈల నాకు అప్పగించి, ఆయన పోయి గోడ పక్కన నిలబడేవాడు. పిల్లలు తప్పు చేస్తే ఆయన పెదాలు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ఒకనాడు చూపుతో సైగ చేశాడని చక్రపాణి గారు మెమో ఇప్పించారు. అటు పెద్దవంకలో వాళ్ళ కోచ్ సులోచనమ్మకు అరవై రెండు శాతం ఉద్వాసన చెప్పారు. ఆమె తన ముప్పై ఎనిమిది నిమిషాలూ ఏడ్చేదని ఆ ఊరి గుమాస్తా నాకు ఫోన్లో చెప్పాడు.

అయినా మా పిల్లలు సెమీస్ గెలిచారు. పెద్దవంక కూడా గెలిచింది. ఫైనల్ ఇద్దరి మధ్యే పడింది.

ఫైనల్‌కు ఆయన ఎవరి బెంచీ మీద కూర్చోవాలన్న దానికి చర్చే అవసరం లేకపోయింది, ఉత్తర్వులోనే లెక్క ఉంది. తొంభై నిమిషాల్లో అరవై రెండు శాతం అంటే యాభై ఆరు నిమిషాలు పెద్దవంకతో, తక్కిన ముప్పై నాలుగు మాతో. పెన్నోబులేసు ఒక్క మనవి చేశాడు, ముందు తన పిల్లల దగ్గర కూర్చోనిమ్మని. పెద్ద వాటాదారుకే ప్రథమ ప్రాధాన్యమని చక్రపాణి గారు తోసిపుచ్చారు. ఆరోజు ఆఫీసు మెట్లు దిగుతూ పెన్నోబులేసు రెయిలింగు పట్టుకున్నాడు. అది చూసినప్పుడు నాకు మొదటిసారి సిగ్గేసింది. అంతకుముందు వేయకపోవడం నా గొప్పేమీ కాదు.

ఫైనల్ రాజధాని స్టేడియంలో పెట్టారు. అధ్యక్షులవారు వేదిక మీద ఉన్నారు. మా పిల్లలు వరసగా నిలబడి చూస్తుండగా పెన్నోబులేసు గ్రౌండు అడ్డంగా నడిచి పోయి పెద్దవంక బెంచీ చివర కూర్చున్నాడు. మొదటి పదిహేను నిమిషాలు చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ ఉన్నాడు. పెద్దవంక అధికారులు తమ వాటా పని చేయడం లేదని అప్పుడే ఫిర్యాదు కాగితం రాయడం మొదలుపెట్టారు.

ఆయన్ను కదిలించింది ఆ కాగితం కాదు. వాళ్ళ జట్టులో పదిహేనేళ్ళ పిల్ల ఒకతె, వదులు బూట్లలో కాగితాలు కుక్కుకుని ఆడుతోంది. బంతి బయటికి పోయినప్పుడు ఆ పిల్ల ఆయన ఎదుటికొచ్చి, సార్, నేనేం చేయల్ల, ఆ కెప్టెనక్క నన్ను దాటి పోతానే ఉండాది అంది. ఆయన ఆ పిల్ల వంక చూశాడు. పదకొండేళ్ళుగా ఏ పిల్ల అడిగినా చెప్పిన మనిషికి, చెప్పకుండా ఉండడం చేతకాలేదు. బంతిని చూడొద్దని, మారెక్క నడుము ఎటు తిరుగుతుందో చూడమని చెప్పాడు. ఆపైన ఇంకో పిల్ల అడిగింది. మా ఎడమవైపు కాపు కాసే బ్యాకు ముందుకు పోయి వెనక్కి రాదని, ఆ సందులోంచి పొమ్మని కూడా చెప్పాడు. యాభై నిమిషాలకు పెద్దవంక రెండు గోల్స్ కొట్టింది. మేము సున్నా. వేదిక మీద అధ్యక్షులవారు పక్కాయనతో, చూశారా ఊహాగానం బలం అన్నారట.

యాభై ఆరో నిమిషంలో ఆట నడుస్తుండగానే గీత పక్కన అప్పగింత జరిగింది. పెద్దవంక గుమాస్తా, నేను చెరొక కాపీ మీద సంతకాలు చేసుకున్నాం. ‘పై వ్యక్తిని మంచి స్థితిలో స్వీకరించడమైనది.’ కార్బన్ పేపరు జరిగిపోయి మళ్ళీ రాయాల్సి వచ్చింది, అందులో ఆరు నిమిషాలు పోయాయి. పెన్నోబులేసు ఆ ఆరు నిమిషాలూ మా పెన్నుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

మా బెంచీ దగ్గరికి వస్తే పిల్లలు తల తిప్పుకున్నారు. నీళ్ళకోసం ఆట కాసేపు ఆగింది. మారెక్క సీసా కింద పెట్టి, ఆయన మొహం చూడకుండా అడిగింది.

“మాకు నేర్పినేవన్నీ వాళ్ళకు చెప్పేసినావు గదా సార్.”

“చెప్పినాను,” అన్నాడు పెన్నోబులేసు. “వాళ్ళు యాభై ఆరు నిమిషాలు ఇన్యారు. నువ్వు పదేండ్లు ఇన్యావు. నేను వాళ్ళకు ఏం చెప్పింటానో నీకు తెలీదా పాపా?”

మారెక్క తలెత్తింది. అందరినీ దగ్గరికి పిలిచి రెండు మాటలు చెప్పింది. ఆమె అప్పటి నుంచి నడుము ఒకవైపు తిప్పి బంతిని ఇంకోవైపు తన్నడం మొదలుపెట్టింది. నడుమునే చూడమని విన్న ఆ వదులు బూట్ల పిల్ల మూడుసార్లు బంతి లేని వైపుకు పరిగెత్తింది. ఎడమ బ్యాకు ముందుకు పోయినట్టే పోయి ఆగింది, ఆ సందులోకి వచ్చిన ఇద్దరూ బంతి పోగొట్టుకున్నారు. డెబ్బై ఒకటో నిమిషంలో ఒకటి, ఎనభై ఎనిమిదో నిమిషంలో ఇంకొకటి. రెండూ రెండూ సమం. నేను ప్రభుత్వ గడియారం జేబులో పెట్టుకుని లేచి నిలబడి అరుస్తున్నానని పక్కవాళ్ళు గుంజి కూర్చోబెట్టేదాకా నాకు తెలియదు.

ఆ పోటీల్లో అదనపు సమయం లేదు, నేరుగా పెనాల్టీలే. తొంభై నిమిషాలు పూర్తికాగానే చక్రపాణి గారు ఫైలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పెనాల్టీల కాలానికి కోచ్ ఎవరికి ఎంత శాతం చెందుతాడో ఉత్తర్వులో లేదు. ఆయన అధ్యక్షులవారిని అడిగారు. అధ్యక్షులవారు నియమావళిని అడగమన్నారు. నియమావళి ఏమీ అనలేదు. స్పష్టత వచ్చేంతవరకు సదరు వ్యక్తి ఏ పక్షానికీ చెందడు గనక మైదానంలో ఉండరాదని తేల్చి, పెన్నోబులేసును బయటికి పంపి గేటు మూయించారు. ఆయన వెంట ఉండి, ఎవరితోనూ మాట్లాడకుండా చూసే బాధ్యత నాకిచ్చారు.

అది గోలు వెనకాలి గేటు. ఇనుప కమ్మీల్లోంచి అంతా కనబడుతుంది. ఆయన రెండు చేతులా కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళు ఎదురుచూసిన ఆటను ఆయన రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. నేను రాసిన ఒక్క వాక్యం వల్ల. ఆ మాట ఆయనతో అన్నాను. అత్తగారి సంగతి కావాలనే వదిలేశానని చెప్పాను. మా గోల్‌కీపరు కాళ్ళు దూరంగా పెట్టిందా లేదా అని ఆయన చూస్తున్నాడు.

తలా నాలుగు పడ్డాయి. పెద్దవంక అయిదోది స్తంభానికి కొట్టుకుని బయటికి పోయింది. మాకు ఒక్కటే మిగిలింది, మారెక్కది. ఆమె బంతిని చుక్క మీద పెట్టింది. మళ్ళీ వదిలేసి, గోలు పక్కనుంచి నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. రెఫరీ ఈల వేస్తూనే ఉన్నాడు. పెద్దవంక గోల్‌కీపరు చెవులు ఇటే పెట్టింది. చక్రపాణి గారు చేతులూపుతూ అటునుంచి వస్తున్నారు.

“ఏ పక్కకు కొట్టల్ల సార్?” అంది మారెక్క.

అడ్డుకోవలసింది నేను. అడ్డుకోలేదు.

“నాకు చెప్పొద్దు పాపా,” అన్నాడు పెన్నోబులేసు మెల్లగా. “ఎవురికీ చెప్పొద్దు. అది యాడికి పోతాదో నీకు తెలిస్తే సాలు.”

ఆమె తల ఊపి వెనక్కి పోయింది. పెద్దవంక గోల్‌కీపరు కుడికి దూకింది. బంతి ఎడమ మూలనుంచి వల లోపలికి పోయి, గేటు వైపు మా మొహాల ఎదుట వచ్చి ఆగింది.

తర్వాత జరిగింది వరసగా చెప్పలేను, నేను ఏడుస్తున్నాను. వాచ్‌మన్ గేటు తాళం తీసి తానే ముందు లోపలికి పరిగెత్తినట్టు గుర్తు. వదులు బూట్ల పిల్ల నేలమీద కూర్చుని ఏడుస్తుంటే మారెక్క వెళ్ళి లేపింది. జనం ఎగబడ్డారు. చక్రపాణి గారు ఆ తోపులాటలోంచి, చొక్కా గుండీలు ఊడి, ఫైలు గుండెలకు హత్తుకుని నా దగ్గరికి వచ్చి పడ్డారు. నేను ఒక్కణ్ణే గేటు దగ్గర ఉన్నాను. అధ్యక్షులవారు వెంటనే తెలుసుకోమన్నారట.

“పెన్నోబులేసు ఎక్కడికి వెళ్ళాడయ్యా?”

ఆరు నెలలుగా ఆ ప్రశ్నకు నేను రకరకాల జవాబులు రాశాను. ఒక్కటీ నాకు తెలిసి రాసింది కాదు.

“లోపలికి వెళ్ళినాడు సార్,” అన్నాను. “నూటికి నూరుపాళ్ళూ.”